మూటగట్టిన తెలుగు: మట్‌లో అటాచ్‌మెంట్లు చదివించే పని డైరీ

జూన్ 4

మాండలిక పదాల పట్టిక పని మొదలుపెట్టినప్పటి నుంచి పదాల జాబితాలన్నీ నాకు మెయిల్‌లోనే వస్తున్నాయి. పంపేవారిలో విజయనగరం నుంచి ఒకరు, అనంతపురం నుంచి ఇద్దరు, కరీంనగర్ నుంచి ఒకరు, 1990లలో అమెరికా వెళ్లి అప్పటి ఫ్లాపీల్లోని ఫైళ్లను నేటికీ భద్రంగా దాచుకున్న పెద్దాయన ఒకరు ఉన్నారు. వీరుగాక మా బాబాయి ఉన్నారు. నేను మెయిల్ చదవడానికి టెర్మినల్‌లో నడిచే మట్ అనే ప్రోగ్రామును వాడతాను. 1995లో మైకేల్ ఎల్కిన్స్ మొదలుపెట్టిన ఈ ప్రోగ్రాములో మామూలు తెలుగు మెయిల్ ఏ ఇబ్బందీ లేకుండా కనిపిస్తుంది. చిక్కంతా అటాచ్‌మెంట్లతోనే వస్తోంది. ఈ రోజు కూర్చుని లెక్క చూసుకుంటే చదవకుండా పక్కన పడేసినవి 43 ఫైళ్లు తేలాయి. వాటిలో జీజిప్ పద్ధతిలో కుదించినవి 26, జిప్ చేసినవి 9. మిగిలిన 8 ఏ కుదింపూ లేని టెక్స్టు ఫైళ్లే అయినా, తెరిస్తే పిచ్చి గీతలు తప్ప ఏమీ కనిపించడం లేదు.

ప్రతి ఫైలునూ డిస్కులోకి దించి, విప్పి, మరో ఎడిటర్‌లో తెరిచి, చదివి, తర్వాత చెరిపేసే పనితో విసిగిపోయాను. మెయిల్ మీద ఎంటర్ నొక్కితే, కిందనే అటాచ్‌మెంటులోని పాఠం కూడా తెలుగులో కనిపించాలి. ఈ ప్రాజెక్టుకు పెట్టుకున్న లక్ష్యం అంతే.

జూన్ 5

కోడ్ రాసే ముందు, ఒక జాబితా నా దాకా వచ్చేసరికి దాని మీద ఎన్ని పొరలు చేరుతున్నాయో కాగితం మీద గీసుకున్నాను. అన్నిటికన్నా లోపల తెలుగు పాఠం ఉంటుంది. దాన్ని బైట్లుగా మార్చిన ఎన్‌కోడింగ్ మొదటి పొర, కుదింపు రెండో పొర. మెయిల్‌లో సురక్షితంగా ప్రయాణించడానికి వేసే బేస్64 మూడో పొర. విప్పేటప్పుడు బయటి నుంచి లోపలికి రావాలి, ఈ వరుస తప్పితే ఏదీ చదవలేం.

ఇక్కడే అసలు కిటుకు బయటపడింది. 1992లో వచ్చి 1996లో నేటి రూపానికి చేరిన, మెయిల్‌లో అటాచ్‌మెంట్లు ఎలా పంపాలో చెప్పే మైమ్ ప్రమాణం ప్రకారం, మామూలు టెక్స్టు అటాచ్‌మెంటుకు ‘ఇది సాదా పాఠం, దీని అక్షరాల ఎన్‌కోడింగ్ ఫలానా’ అని చెప్పే చీటీ ఉంటుంది. అదే పాఠాన్ని జీజిప్ చేసి పంపితే చీటీ మీద ‘ఇది జీజిప్ ఫైలు’ అని మాత్రమే ఉంటుంది, లోపలి ఎన్‌కోడింగ్ ఏమిటో చెప్పే చోటే ఉండదు. వెబ్‌లో హెచ్‌టీటీపీకి కుదింపును వేరుగా చెప్పే హెడర్ ఉంది కాబట్టి కుదించి పంపినా పాఠం చీటీ పాఠానికే ఉంటుంది. మెయిల్‌కు ఆ సదుపాయం లేదు. కాబట్టి మూట విప్పిన తర్వాత లోపల ఏ ఎన్‌కోడింగ్ ఉందో బైట్లను చూసి మనమే పోల్చుకోవాలి. నేను రాయబోయే స్క్రిప్టుకు ‘విప్పు’ అని పేరు పెట్టాను గానీ, అది చేయాల్సిన పనిలో విప్పడం సగమే.

జూన్ 7

మొదటి విజయం తేలిగ్గానే దక్కింది. మట్ తనకు చూపడం రాని ఫైళ్ల కోసం మెయిల్‌క్యాప్ అనే చిన్న పట్టికను సంప్రదిస్తుంది. ఏ రకం ఫైలుకు ఏ ఆదేశం నడపాలో అందులో ఒక్కొక్క వరుసగా రాసుకోవాలి. జీజిప్ రకానికి, దాన్ని విప్పి చూపే జెడ్‌క్యాట్ ఆదేశాన్ని ఇచ్చి, చివర ‘కాపియస్ అవుట్‌పుట్’ అనే గుర్తు పెట్టాను. వచ్చే ఫలితాన్ని వేరే విండోలో కాకుండా తన తెరలోనే చూపమని మట్‌కు ఆ గుర్తు చెబుతుంది. మట్ సొంత సెట్టింగుల ఫైలులో ఆటో వ్యూ వరుసలో కూడా అదే రకం పేరు చేర్చాను. ఫైలు పేరు వచ్చే చోట శాతం గుర్తు, ఎస్ అక్షరం రాసి, అలవాటు కొద్దీ వాటి చుట్టూ కొటేషన్ గుర్తులు పెట్టాను. అక్కడ గంట పోయింది. ఆ పేరును కొటేషన్లలో చుట్టే పని మట్ స్వయంగా చేసుకుంటుంది కనుక మనం మళ్లీ పెట్టకూడదని మాన్యువల్‌లో స్పష్టంగానే ఉంది, నేనే చదవలేదు.

కొటేషన్లు తీసేశాక కరీంనగర్ జాబితా మెయిల్ కిందనే తెలుగులో పరుచుకుంది.

జూన్ 8

26లో 11 ఫైళ్లు ఇంకా మొండికేస్తున్నాయి. హెడర్లు చూస్తే వాటి చీటీ మీద జీజిప్ అని లేదు, ‘ఆక్టెట్ స్ట్రీమ్’ అని ఉంది. ఇవి ఏవో బైట్లు, ఏమిటో నాకు తెలియదు అని పంపిన ప్రోగ్రాము చేతులు దులుపుకోవడమన్నమాట. మట్‌లో ‘మైమ్ లుకప్’ అనే ఆదేశం ఉంది. చీటీ ఇలా పనికిరాకుండా ఉన్నప్పుడు ఫైలు పేరు చివరి భాగాన్ని బట్టి రకాన్ని నిర్ణయించమని దానితో చెప్పవచ్చు. హోమ్ డైరెక్టరీలోని మైమ్ టైప్స్ ఫైలులో జీజెడ్ తోకకు ఒక వరుస రాసుకున్నాక 9 ఫైళ్లు దారికి వచ్చాయి.

మిగిలిన రెండూ పేరు దగ్గర ఆగిపోయాయి. మెయిల్‌లో అటాచ్‌మెంటు పేరును తెలుగులో పంపడానికి 1997 నాటి ఆర్‌ఎఫ్‌సీ 2231 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంలో ఒక పద్ధతి ఉంది. ఈ ఫైళ్లను పంపిన ప్రోగ్రాము మాత్రం మెయిల్ సబ్జెక్టు వరుస కోసం ఉద్దేశించిన పాత పద్ధతినే ఫైలు పేరుకూ వాడింది. ప్రమాణం దాన్ని ఒప్పుకోదు. అయినా లోకంలో చాలా ప్రోగ్రాములు అదే చేస్తాయి కాబట్టి, ఆ తప్పును సర్దుకుని చదివే ఎంపిక మట్‌లో ఉంది. దాన్ని ఆన్ చేయగానే ‘పదాలు’ అన్న పేరు, దాని వెనక జీజెడ్ తోక సక్రమంగా కనిపించాయి.

ఇక్కడ ఒక చిన్న వింత చూశాను. తాత్కాలిక ఫైలు సృష్టించేటప్పుడు మట్ భద్రత కోసం, పేరులో తనకు నమ్మకం లేని ప్రతి బైటునూ అండర్‌స్కోరుగా మారుస్తుంది. ‘పదాలు’ అంటే మన కంటికి మూడు అక్షరాలు, యూనికోడ్‌కు ఐదు, యూనికోడ్‌ను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌లో 15 బైట్లు. అందువల్ల నా స్క్రిప్టుకు చేరిన పేరు వరుసగా 15 అండర్‌స్కోర్లు, ఆ తర్వాత తోక. పేరును నమ్మి ఏ నిర్ణయమూ తీసుకోకూడదని అప్పుడే అనుకున్నాను. ఫైలు మొదటి బైట్లనే చూస్తే సరిపోతుంది: జీజిప్ అయితే 31, 139తో మొదలవుతుంది, జిప్ అయితే పీ, కే అనే రెండు అక్షరాలతో.

జూన్ 12

ఇప్పుడు కుదింపు లేని ఆ 8 ఫైళ్ల సంగతి. తెర నిండా తల మీద గీత ఉన్న లాటిన్ ‘ఏ’ అక్షరం, దాని పక్కన ఒకసారి డిగ్రీ గుర్తు °, మరోసారి ప్లస్-మైనస్ గుర్తు ±. తెలుగు మెయిల్ పాడైనప్పుడు ఈ దృశ్యం చూడనివారుండరు. ఇది ఎందుకు ఇలాగే వస్తుందో ఈ రోజు బైట్లు లెక్కపెట్టి చూశాను.

యూనికోడ్‌లో తెలుగుకు కేటాయించినవి 128 స్థానాలు. యూటీఎఫ్-8లో వాటిలో ప్రతి ఒక్కటీ మూడు బైట్లు తీసుకుంటుంది. మొదటి బైటు ఎప్పుడూ 224. రెండోది, మొదటి 64 స్థానాలకు 176, తర్వాతి 64కు 177. అచ్చులు, హల్లులు, దీర్ఘం, గుడి మొదటి సగంలో పడతాయి. గుడిదీర్ఘం నుంచి మిగిలిన గుణింతపు గుర్తులు, పొల్లు రెండో సగంలో పడతాయి. ఈ బైట్లను పశ్చిమ ఐరోపా భాషల పాత ఎన్‌కోడింగ్ అయిన లాటిన్-1గా చదివితే 224 గీత ఉన్న ‘ఏ’ అవుతుంది, 176 డిగ్రీ గుర్తు, 177 ప్లస్-మైనస్ గుర్తు అవుతాయి. ‘తెలుగు’ అన్న మాటనే తీసుకుంటే హల్లు, గుణింతం, హల్లు, గుణింతం, హల్లు, గుణింతం కాబట్టి ఆ చెత్తలో °, ±, °, ±, °, ± అని తాళం తప్పకుండా నడుస్తుంది. ఈ తాళం తెలిశాక, అలా పాడైన మెయిల్ కంటబడితే అది తెలుగేనని చదవకుండానే చెప్పగలుగుతున్నాను.

8లో 5 ఫైళ్లు ఈ రకానివే. ఫైలు శుభ్రమైన యూటీఎఫ్-8, దాని మీది చీటీ మాత్రం లాటిన్-1 అని అబద్ధం చెబుతోంది. మట్ ఆ చీటీని నమ్మి మార్పిడి చేసి పాఠాన్ని పాడుచేస్తోంది. జీజిప్ చేసిన ఫైళ్లకు ఎన్‌కోడింగ్ చెప్పే చీటీయే లేనందువల్ల ఎవరూ చేయిపెట్టలేదు, అందుకే అవి చక్కగా కనిపించాయి. తప్పుడు చీటీ కన్నా చీటీ లేకపోవడమే నయమైంది! లాటిన్-1 అని ఉన్న ప్రతిదాన్నీ యూటీఎఫ్-8గా చూడమని హుక్ పెట్టవచ్చు గానీ, నిజంగా లాటిన్-1లో వచ్చే ఫ్రెంచి మెయిళ్లు అప్పుడు పాడవుతాయి. అటాచ్‌మెంట్ల జాబితాలో కంట్రోల్-ఈ నొక్కితే మట్ ఆ చీటీని అప్పటికప్పుడు దిద్దుకోనిస్తుంది. ఆ దిద్దుబాటును ఒకే మీటకు మాక్రోగా కట్టాను. చీటీ అసలు లేని టెక్స్టుకు మాత్రం యూటీఎఫ్-8 అని ఊహించుకోమని సెట్టింగు పెట్టాను.

జూన్ 13

ఈ రోజు కోడ్ ఏమీ రాయలేదు. బేస్64 మూడు బైట్లను నాలుగు అక్షరాలుగా మారుస్తుంది. తెలుగులో ఒక్కో గుర్తు సరిగ్గా మూడు బైట్లే కనుక అది సరిగ్గా నాలుగు అక్షరాలవుతుంది. మధ్యలో ఖాళీ వచ్చి వరుస జరిగేదాకా ప్రతి గుర్తూ ‘4, ఎల్, సీ’తో గానీ ‘4, ఎల్, జీ’తో గానీ మొదలవుతుంది. విప్పని మెయిల్‌లో కూడా ఒక్క తెలుగు మాటను కంటితో పట్టుకోవచ్చు. పనికొచ్చే విషయం కాదు గానీ చూస్తుంటే ముచ్చటేసింది.

జూన్ 15

జిప్ ఫైళ్ల పని మొదలైంది. తొమ్మిదిలో నాలుగు బాబాయివే. విప్పితే ప్రతి అక్షరం పక్కనా కంట్రోల్-ఎల్ అని వస్తోంది, తెలుగు అక్షరాలు మాత్రం ఎక్కడా లేవు. ఫోన్ చేశాను.

“బాబాయ్, మీరు పంపిన ఫైలు ఇక్కడ తెరుచుకోవడం లేదండీ. ఏ ప్రోగ్రాములో రాశారు?”

“నోట్‌ప్యాడ్‌లోనేరా. నాకు బాగానే కనిపిస్తోంది కదా. సేవ్ చేసేటప్పుడు యూనికోడ్ అని ఉంటే అదే పెట్టాను. నువ్వే కదా, ఎప్పుడూ యూనికోడ్‌లోనే పంపమంటావు!”

ఆయన మాట అక్షరాలా నిజం. పాత నోట్‌ప్యాడ్‌లో ‘యూనికోడ్’ అని రాసి ఉన్న ఎంపికకు అర్థం యూటీఎఫ్-16. విండోస్ 10కు 2019లో వచ్చిన 1903 వెర్షనులో నోట్‌ప్యాడ్ యూటీఎఫ్-8ను సహజ ఎంపికగా చేసుకుంది, బాబాయి కంప్యూటరు అంతకన్నా పాతది. యూటీఎఫ్-16లో ప్రతి తెలుగు గుర్తుకూ రెండు బైట్లు. చిన్న బైటు ముందు వచ్చే ఆ పద్ధతిలో ‘క’ అంటే 21, 12. మన లిపి మొత్తానికీ ఆ రెండో బైటు 12 మాత్రమే. ఇంగ్లీషు అక్షరాల పాత ప్రమాణమైన ఆస్కీలో 12 అంటే ఫారం ఫీడ్, అంటే ప్రింటరుకు కొత్త పేజీ వేయమని చెప్పే సంకేతం. బాబాయి రాసిన ప్రతి అక్షరం తర్వాత నా టెర్మినల్‌కు కొత్త పేజీ వేయమన్న ఆజ్ఞ అందుతోందన్నమాట.

ఈ గుణమే గుర్తింపుకు పనికొచ్చింది. ఫైలు మొదట్లో 255, 254 అనే జంట ఉంటే సందేహమే లేదు. అది లేకపోయినా, రెండో స్థానాల్లోని బైట్లలో చాలామటుకు 12 లేదా సున్నా అయితే యూటీఎఫ్-16 అని ‘విప్పు’ తీర్మానిస్తుంది. సున్నా ఎందుకంటే ఖాళీ, అంకెలు, విరామచిహ్నాలు ఆస్కీలోనివే. నాలుగు ఫైళ్లూ చదవగలిగాను.

జూన్ 16

ఆ 8లో మరో ఫైలు తెరిస్తే అంతా ప్రశ్నార్థకాలే. ఎవరో దాన్ని ‘ఆన్సీ’ ఎంపికతో దాచారు. ఆ ఎన్‌కోడింగ్‌లో తెలుగుకు చోటే లేదు కాబట్టి ప్రతి గుర్తూ ఒక ‘?’గా మారిపోయింది, అలా మారిన ఫైలు నుంచి అసలు పాఠాన్ని రాబట్టే స్క్రిప్టు ఎవరూ రాయలేరు. పంపినవారిని మళ్లీ పంపమని అడిగాను.

జూన్ 18

జిప్ లోపలి ఫైళ్ల పేర్లు గ్రీకు ఆల్ఫా పక్కన గళ్ల గళ్ల పెట్టెలుగా కనిపిస్తున్నాయి. జిప్‌లో పేరు యూటీఎఫ్-8లో ఉందని చెప్పడానికి ఒక ప్రత్యేక బిట్టు ఉంది. అది వేయకపోతే విప్పే ప్రోగ్రాము డాస్ కాలపు 437 కోడ్‌పేజీని ఊహిస్తుంది. ఆ కోడ్‌పేజీలో 224 అంటే ఆల్ఫా, 176, 177 అంటే మసక పెట్టెలు. అదే తాళం, వాయిద్యం మాత్రం వేరు. నాకు పేరుతో పని లేదు కనుక లోపలి పాఠాన్ని నేరుగా పైపులోకి పంపి, ఈ సంగతిని వదిలేశాను.

జూన్ 21

పెద్దాయన పంపిన తొమ్మిది జీజిప్ ఫైళ్లకు వచ్చాను. జీజిప్ ఫైలు మొదటి పది బైట్లలో అసలు ఫైలు ఎప్పటిదో నాలుగు బైట్లలో దాచి ఉంటుంది. చూస్తే 1996 నవంబరు. మూడు ఫైళ్లు ఆర్‌టీఎస్‌లో ఉన్నాయి. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయం పేరుతో వచ్చిన ఈ లిప్యంతరీకరణలో చిన్న టీ ‘త’, పెద్ద టీ ‘ట’. అప్పట్లో ఇంటర్నెట్‌లో తెలుగువారు రాసుకున్నదంతా దాదాపు ఇలాగే ఉండేది. అచ్చంగా ఆస్కీ కావడం వల్ల దారిలో ఏ సర్వరూ దీన్ని పాడుచేయలేకపోయింది. ఇవి తెర మీద ఎలా ఉన్నా చదవగలను కాబట్టి వాటిని తాకలేదు.

మిగిలిన ఆరు ఫైళ్లలో 160కి పైబడిన బైట్లే ఎక్కువ. యూటీఎఫ్-8 కాదు, యూటీఎఫ్-16 కాదు. పెద్దాయనను అడిగితే, అవి హైదరాబాదులో, భారతీయ లిపుల కోసం వాడే జిస్ట్ కార్డు బిగించిన కంప్యూటరులో రాయించినవని చెప్పారు. అంటే ఇస్కీ. భారతీయ లిపుల కోసం 1991లో ఐఎస్ 13194గా స్థిరపడిన ఈ ప్రమాణంలో ఒక్కో గుర్తుకు ఒక్కటే బైటు. ‘తెలుగు’ అన్న మాట యూటీఎఫ్-8లో 18 బైట్లు, యూటీఎఫ్-16లో 12 బైట్లు, ఇస్కీలో 6 బైట్లు.

ఒక ఎన్‌కోడింగ్ నుంచి మరోదానికి మార్చడానికి నేను వాడుతున్న ఐకాన్వ్‌కు ఇస్కీ తెలియదు. ఐసీయూ లైబ్రరీతో వచ్చే యూకాన్వ్‌కు తెలుసు. దాన్ని తెచ్చిపెట్టుకుని నడిపితే పాఠం అందంగానే వచ్చింది, కానీ దేవనాగరిలో! ఇస్కీలో ‘క’ అంటే 179, అది ఏ లిపిలోనైనా 179యే. ఏ లిపి చూపాలన్నది 239, దాని వెంట లిపి సంకేతం అనే జంట చెప్పాలి. ఈ ఫైళ్లలో ఆ జంట లేదు, జిస్ట్ కార్డులో లిపిని మీటతో ఎంచుకునేవారట. నేను ఇస్కీ అని మాత్రమే చెప్పడంతో యూకాన్వ్ దేవనాగరిని ఊహించుకుంది. తెలుగు ఇస్కీ అని విడిగా పేరుపెట్టి చెప్పాక మొదటి వరుస ఇలా వచ్చింది: ‘సొరకాయ, ఆనపకాయ, ఆనిగెపుకాయ’. ఫ్లాపీలో మడతపెట్టినప్పటి నుంచి ఆ మూడు మాటలూ కలిసే ఉన్నాయి. ఆ సాయంత్రం ఆరు ఫైళ్లనూ చివరిదాకా చదివాను, ప్రాజెక్టు ముందుకు జరగలేదు.

జూన్ 27

నిన్నటిదాకా పనిచేసిన అనంతపురం జాబితా ఈ రోజు తెర మీద ‘ెఓ’, ‘ెఔ’ అన్న జంటల వరదగా మారింది. కారణం నేనే. జీజిప్, జిప్ వాడే డిఫ్లేట్ పద్ధతిలో కుదింపు అత్యధికంగా 1032 రెట్ల దాకా పోగలదు, అంటే ఒక మెగాబైటు అటాచ్‌మెంటు గిగాబైటుగా విప్పుకునే ప్రమాదం ఉంది. అందుకని నిన్న రాత్రి, విప్పిన పాఠంలో మొదటి 2,00,000 బైట్ల దగ్గర కత్తిరించే ఆదేశం పెట్టి పడుకున్నాను.

ఆ కత్తెర సరిగ్గా ఒక అక్షరపు మూడు బైట్ల మధ్యలో పడింది. ‘విప్పు’ యూటీఎఫ్-8 అవునో కాదో తేల్చడానికి ఫైలు మొత్తం ఆ నియమాలకు లోబడి ఉందా అని ఐకాన్వ్‌తో పరీక్షిస్తుంది. చివరి అక్షరం తెగినందువల్ల పరీక్ష తప్పింది. తర్వాతి అంచనా ఇస్కీ కాబట్టి, 224ను ఎత్వంగా, 176ను ‘ఓ’గా, 177ను ‘ఔ’గా చదివేసింది. ఒక్క బైటు లోపానికి మొత్తం జాబితా మరో లిపిలా కనిపించింది. కత్తెర పడ్డాక చివరి అసంపూర్ణ వరుసను వదిలేసి, ఆ తర్వాతే పరీక్షించేటట్లు మార్చాను.

ఈ దెబ్బతో ఒక నియమం పెట్టుకున్నాను. ‘విప్పు’ ఇకపై తన అంచనాను పాఠం పైన ఒక వరుసలో రాస్తుంది: ‘జీజిప్, యూటీఎఫ్-8, కత్తిరించినది’ అని, లేదా ‘జీజిప్, తెలుగు ఇస్కీ అని అంచనా’ అని. తప్పు చూపినా, ఎక్కడ తప్పిందో నాకు వెంటనే తెలుస్తుంది.

జూలై 2

టెర్మినల్ తంటా. అక్షరాలు సరైనవే గానీ వరుసలు ఒకదాని కింద ఒకటి నిలబడటం లేదు. ఒక్కో గుర్తు తెర మీద ఎన్ని గడులు తీసుకుంటుందో మట్ సిస్టం లైబ్రరీని అడుగుతుంది. నా సిస్టంలో ఎత్వానికి సున్నా గడులు, కొమ్ముకు ఒక గడి. ఆ లెక్కన ‘తెలుగు’కు ఐదు గడులు, ‘క్షే’కు రెండు. ముద్రణలో అవి తీసుకునే చోటుకు దీనితో సంబంధం లేదు. భారతీయ లిపులను పేర్చగల ఎమ్ఎల్‌టర్మ్ అనే టెర్మినల్‌కు మారి, ఓపెన్‌టైప్ ఎంపిక ఆన్ చేశాక ఒత్తులు వాటి చోట్లలో కుదిరాయి. పట్టికల అంచులు ఇంకా వంకరగానే ఉన్నాయి. చదవడానికి అడ్డం కానందున ఇక వదిలేశాను.

జూలై 6

మొత్తం 43లో 37 చదవగలిగాను. ప్రశ్నార్థకాల ఫైలుకు బదులు ఇంకా రాలేదు. తక్కిన ఐదూ, జిప్‌లోవి మూడు, విడివి రెండు, డీటీపీ ఫాంట్లలో రాసినవి. వాటిలో ఎన్‌కోడింగ్ అంటూ ఏదీ లేదు, లాటిన్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కల బొమ్మలు పెట్టుకున్న ఫాంటు మాత్రమే ఉంది. తలకట్టు ఒక స్థానం, ఒత్తు మరో స్థానం. ఫాంటు పేరు తెలిస్తే తప్ప బైట్లకు అర్థం లేదు, సాదా టెక్స్టులోకి ఆ పేరు రానే రాదు. ఇటువంటివి ఎదురైతే ‘విప్పు’ ఏ అంచనాకూ పోకుండా ‘ఫాంటు ఏదో అడగండి’ అని ఒక వరుస చూపి ఆగిపోతుంది. ఐదుగురికీ ఈ రోజు మెయిల్ రాశాను. ఒకరు వెంటనే బదులిచ్చారు. ఫాంటు పేరు గుర్తులేదట, కానీ అప్పట్లో తీసిన ప్రింటు ఉందట. ఫోటో తీసి, జిప్ చేసి పంపుతామన్నారు.